ఉడికి చల్లారిన సున్నం

రెండు వేల మూడు ఉగాదికి ఆళ్లగడ్డలో ఇళ్లన్నీ తెల్లగా మెరిసిపోతుంటే, ఊరందరికీ సున్నం అమ్మే మా ఇల్లు మాత్రం మాసిపోయి ఉండింది. వాకిలి పక్క గోడ అయితే మరీ దిక్కుమాలినట్టుండేది. సగం తెలుపు, సగం పాత నీలం. అంతకుముందు ఉగాదికి సున్నం కొడుతూ కొడుతూ ఆ గోడ సగంలో ఆపేశారు. ఎందుకు ఆపారో బజారులో అందరికీ తెలుసు. అందుకే పండగకు మా ఇంటికి వచ్చినవాళ్లు ఆ గోడ వైపు చూడకుండా పచ్చడి తిని, తల వంచుకుని పోయేవాళ్లు.

నా పేరు సీతాలక్ష్మి. పుట్టిల్లు నంద్యాల, అత్తగారిల్లు ఆళ్లగడ్డ. మా మామ హనుమంతయ్య శెట్టికి బజారులో సున్నం, రంగుపొడుల అంగడి. ఏ బట్టీ రాయి ఎంత ఉడుకుతుందో చేతిలో పట్టుకుని చెప్పేవాడు. మా పాప మాధురి నడక వచ్చినప్పటి నుంచి ఆయన వెనకాలే తిరిగేది. తొట్టిలో సున్నపురాయి వేసి, చెంబుడు నీళ్లు పోసి, "చూడు మాదూ, నిప్పు ల్యాకుండానే ఎట్ల ఉడుకుతాదో" అని చూపించేవాడు. రాయి బుస్సుమని పొంగి పగిలిపోతుంటే అది చప్పట్లు కొట్టేది. నీళ్లు తగిలితే సున్నం రాక్షసి అవుతుంది, దూరంగా ఉండాలని దానికి నేర్పింది కూడా ఆయనే.

ఆ పాడు రోజున నేను ఊళ్లో లేను. మా తమ్ముని నిశ్చితార్థానికి నంద్యాల పోయాను. పరీక్షలున్నాయని పాపను అవ్వాతాతల దగ్గర వదిలాను. సున్నం కొట్టే మోషే అన్నం తినడానికి కూచున్నప్పుడు అది అతని సున్నపు కుచ్చు తీసుకుని గోడకు తాను కొట్టబోయింది. కుచ్చు పైకెత్తగానే సున్నం జారి కుడి కంట్లో పడింది. అరుపు విని మా అత్త జానకమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. మా మామ ఆ చెంబు లాక్కుని గోడకేసి కొట్టాడు. "నీళ్లు పోయొద్దు! కంట్లో సున్నం ఉడుకుతాది!" అన్నాడు. ఆముదం తెచ్చి కంట్లో పోసి, గుడ్డ కట్టి, జీపు మాట్లాడి నంద్యాలకు తీసుకువచ్చాడు. అంత దూరమూ ఆ సున్నం పిల్ల కంట్లోనే ఉండింది.

ఈ సంగతి మా మామ నాకు చెప్పలేదు. మా అత్త చెప్పింది, కొంగు నోట్లో కుక్కుకుని.

ఆ నాటి నుంచి నేను మా మామతో మాట్లాడలేదు. వేళకు అన్నం పెట్టాను, తలనొప్పి అంటే జండూబాం తెచ్చి పక్కన పెట్టాను. మాట మాత్రం లేదు. అలాగని నోరు మూసుకుని కూచోవడం నా చేతకాదు. గిన్నెలతో మాట్లాడేదాన్ని. ఆయన పడసాలలో ఉన్నాడంటే నేను వంటింట్లో ఆ సొట్ట పడిన చెంబును బరబరా తోముతూ, "నువ్వేం పాపం చేసినావే చెంబూ, నిన్ను గోడకేసి కొట్టిన మొనగాండ్లు ఉండారీ ఇంట్లో" అనేదాన్ని. వినాలనే అనేదాన్ని. ఆయన వినేవాడు. ఒక్కనాడూ తిరిగి ఒక్క మాట అనలేదు. అని ఉంటే నా కసి కొంచెమైనా తీరేది.

ఏడాది తిరిగేసరికి పాప కుడికన్ను కన్ను కాకుండా పోయింది. నల్లగుడ్డు మీద తెల్లటి పొర, దాని మీద ఎర్రటి నరాలు. ఎప్పుడూ నీరు కారేది. వెలుగు, చీకటి తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. బస్సెక్కితే కుడివైపు కిటికీకి ఆనుకుని కూచునేది, ఆ కన్ను ఎవరి కంటా పడకుండా. బడిలో ఫోటో తీస్తామంటే ఆ రోజు కడుపునొప్పి వచ్చేది.

ఏప్రిల్‌లో నంద్యాల కంటి డాక్టరు నన్నూ మా ఆయన ఓంప్రకాష్‌నూ కూచోబెట్టి చెప్పాడు.

"నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే చోట ఒక అంచు ఉంటుంది. ఆ అంచులో ఉండే మూలకణాలే నల్లగుడ్డు పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టిస్తాయి. సున్నం ఆ అంచునంతా కాల్చేసింది. గట్టు తెగితే మడిలోకి గడ్డి పాకుతుంది కదా, అట్లా తెల్లగుడ్డు పొర లోపలికి పాకింది. ఇప్పుడు ఎవరి కన్నో తెచ్చి అతికించినా నిలవదు. ముందు ఆ అంచు కావాలి."

"యాడ దొరుకుతాది సార్?" అన్నాడు మా ఆయన.

"ఈ పాప దగ్గరే ఉంది. ఎడమ కంట్లో."

హైదరాబాదులో పెద్ద కంటాసుపత్రిలో ఈ మధ్యే ఇది చేస్తున్నారట. మంచి కంటి అంచు నుంచి బియ్యపుగింజ కంటే చిన్న ముక్క తీసి, ల్యాబులో పెంచుతారట. అది పొరలా పరుచుకున్నాక తెచ్చి పాడైన కంటి మీద వేస్తారట. వింటుంటే నాకు నారు పోసి నాటు వేసినట్టే అనిపించింది. కానీ నారు తీసేది మా పిల్ల మంచి కంట్లోంచి.

"గ్యారంటీనా సార్?"

"గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. కొందరికి బాగా వచ్చింది, కొందరికి రాలేదు. ఏమీ చేయకపోతే మాత్రం ఇది ఇంతే."

"మంచి కంటికేమన్నా అయితే?" అన్నాను నేను.

"చాలా అరుదమ్మా. అసలు కాదని మాత్రం నేను చెప్పలేను."

అసలు కాదని చెప్పలేను అన్న ఆ మాట మాతోపాటు బస్సెక్కి ఆళ్లగడ్డ దాకా వచ్చింది.

ఇంట్లో మా ఆయన ఇంకా సగం చెప్పకముందే మా మామ చెయ్యి ఎత్తాడు.

"వద్దు."

"నాయనా, డాక్టరు చెప్పేదేందంటే..."

"విన్యా. ఉండేది ఒగ కన్ను. దానికి కత్తి తగలనీయను. ఒంటికంటితో గూడా బతుకుతాండారు జనం. రెండూ పోతే ఆ బిడ్డ యాడ బతకాల?"

నిజం చెప్పాలంటే నాకూ అదే భయం. బస్సులో వస్తూ వస్తూ నేను కూడా వద్దనే అనుకున్నాను. కానీ ఆయన నోట్లోంచి ఆ మాట రాగానే నాకు చేయించాలనిపించింది. నా తిక్క అలాంటిది. వంటింట్లోకి పోయి గరిటె అందుకున్నాను.

"విన్యావా గరిటా? నిరుడు నీళ్లొద్దన్యారు. ఇప్పుడు కత్తి వద్దంటాండారు. ఈ ఇంట్లో వద్దనేదానికి కొదవ ల్యా."

"సీతా, చాల్లే" అన్నాడు మా ఆయన గుమ్మంలోకి వచ్చి.

"నేను గరిటెతో మాట్లాడతాండా. మీకేం?"

ఆయన అటు తండ్రిని చూడలేక ఇటు నన్ను చూడలేక అంగడికి పోయాడు. పాపం, ఆ ఏడాదంతా ఆయనకు అంగడే ఇల్లయింది.

మా అత్త ఎవరి పక్షమూ పట్టలేదు. నంద్యాల వెండి అంగడిలో వెండి కళ్లు కొని దేవుడి గూట్లో పెట్టింది. అహోబిలం నరసింహస్వామికి మొక్కు. పోయింది ఒక్క కన్నే కదత్తా అంటే, "ఒగటి అమ్మరంట మే. జతగానే ఇస్తారంట" అన్నది.

మే నెలలో ఒక మధ్యాహ్నం. కరెంటు పోయింది. ఎండకు తలా ఒక మూల పడుకున్నాం. మా మామ అరుగు మీద కండువా మొహాన వేసుకుని ఒరిగాడు. వాకిట్లో ఏదో తగిలిన చప్పుడైతే లేచి వచ్చాను.

మాధురి మంచి కంటికి జడరిబ్బను బిగించి కట్టుకుంది. గోడ తడుముకుంటూ నడుస్తోంది. రోలు తగిలినట్టుంది, మోకాలి దగ్గర చర్మం లేచి నెత్తురు చిమ్మింది.

"ఏం చేస్తాండావే?"

"అలవాటు చేసుకుంటాండా."

"ఏందీ?"

"ఒగవేళ ఈ కన్ను గూడా పోతే అప్పుడు నేర్చుకోవాలంటే కష్టం గదా. ఇప్పుడైతే భయమేస్తే ముడి ఇప్పుకోవచ్చు." దాని వేళ్లు గోడ మీద జరిగాయి. "ఈడ గరుగ్గా ఉండాది. ఇది కొత్త సున్నం. ఇదో, ఈడికి నున్నగయింది. నున్నగైన తావ నుంచి కొంచెం జరిగితే వాకిలి. సగం గోడ మంచిదే అయింది మా. దీనికి సున్నం కొట్టీయొద్దు."

ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వస్తుంది ఎప్పుడూ.

"ఇదేం ఖర్మే నీకు? భయమైతే ఆపరేషను వద్దని చెప్పొచ్చు గదా!"

"వద్దని నేను యాడ చెప్పినా? నాకు కావాల. ఫోటోలో నిలబడాల. కొట్లాడుకుంటాండేది మీరు." రిబ్బను కింద నుంచి చెంప మీదికి చెమట కారుతోంది దానికి. "కావాలంటే భయపడకుండా ఉండాల గదా. అందుకే ఇది."

అరుగు మీద కండువా కదిలింది. మా మామ లేచి కూచుని ఉన్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో. దిగి వచ్చి, పిల్లను తన వైపు తిప్పుకుని, రిబ్బను ముడి విప్పబోయాడు. సున్నంతో బొబ్బలెక్కి మొద్దుబారిన వేళ్లు, ముడి ఒక పట్టాన రాలేదు. నేను విప్పి ఉంటే చటుక్కున వచ్చేది. ఎందుకో చెయ్యి వేయబుద్ధి కాలేదు. ముడి వచ్చాక ఆయన రిబ్బను మడిచి పిల్ల చేతిలో పెట్టి, చెప్పులేసుకుని ఎండలో అంగడికి పోయాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ కొడుకుతో అన్నాడు.

"హైదరాబాదు బస్సుకు టికెట్లు చెప్పు. నేనూ మీ యమ్మా గూడా వస్తాం."

ఆ ఆసుపత్రిలో డాక్టరమ్మది చిన్న వయసు. పాప కన్ను చాలాసేపు చూసింది. తరువాత కాగితం ముందర పెట్టుకుని, పేరు అడిగినంత మామూలుగా అడిగింది.

"సున్నం పడగానే నీళ్లతో కడిగారా?"

మా ఆయన నేల చూశాడు. మా అత్త కొంగు సర్దుకుంది. ఎవరో ఒకరు మా మామ మొహం మీద ఈ మాట అడగాలని నేను ఏడాదిగా కాచుకుని ఉన్నాను. తీరా అడిగాక, కడిగినాం అని మా ఆయన అబద్ధం చెబుతాడేమో అనుకున్నాను. చెప్పి ఉంటే ఊరుకునేదాన్ని కూడా.

"ల్యాదమ్మా" అన్నాడు మా మామ. "మా ఇంటామె తెచ్చింది. నేనే పారబోసినా. సున్నం ఉడుకుతాదని."

డాక్టరమ్మ పెన్ను ఆపింది. "అది అప్పుడే నీళ్లలో వేసిన సున్నమా?"

"ముందురోజుది. నేనే ఉడకబెట్టినా."

"అంటే ఉడకాల్సింది ముందురోజే ఉడికిపోయింది కదండీ" అన్నది మెల్లగా. "అప్పుడే వేసిన రాయి పడినా సరే, నీళ్లే పోయాలి. ఆగకుండా పోస్తూనే ఉండాలి."

"అవునమ్మా. చల్లారిపోయిండె. పొద్దున నేను చెయ్యి పెట్టి చూసినా గూడా."

మాధురి ఆయన చొక్కా అంచు పట్టుకుని, "కుచ్చు ఎత్తింది నేను గదా తాతా" అన్నది. డాక్టరమ్మ కాగితం మీదికి వంగింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్కడ చూడటానికి ఏమీ లేదు, ఒక గోడ తప్ప.

తరువాత ఇంకొక గదిలో ఆసుపత్రి మనిషి ఒకామె మాకు అంతా విడమరిచి చెప్పింది. మంచి కన్ను గురించి అడిగిన ప్రతిసారీ విసుక్కోకుండా చెప్పింది. అందరం సరే అన్నాం. లేవబోతుంటే ఆమె అన్నది, "ఇంకొక విషయం. ఆ కణాలు ఊరికే గాజు మీద పెరిగితే తీసుకువచ్చి కంటి మీద వేయలేం. వాటికి అడుగున పరుపు లాంటిది ఒకటి కావాలి. కాన్పు అయ్యాక మాయ పడుతుంది కదా, దాని మీద సన్నటి పొర ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి దాని మీద పెంచుతాం. ఆ పొరతోనే కంటి మీద పరుస్తాం."

మా అత్త దిగ్గున లేచింది.

"మాయనా!"

మా అత్త సంగతి చెబితే గానీ తెలియదు. నంద్యాలలో నేను మాధురిని కన్నప్పుడు ఆమె ఆళ్లగడ్డ నుంచి వచ్చి, బిడ్డను చూడకముందే మాయ యాడ పూడ్చినారని అడిగింది. మా పుట్టింటి పెరట్లో ఆ చోటు చూసి, లోతు చాలలేదని మళ్లీ తవ్వించింది. కుక్కలు ముట్టకుండా ముళ్లకంప వేయించి, కంప మీద రాయి పెట్టించాకే చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకుంది. అలాంటి మనిషి ముందు మాయను కంట్లో పెడతామంటే ఇంకేముంది! పని చెడిందనుకున్నాను. మూటాముల్లె సర్దుకుని సాయంత్రం బస్సెక్కడమే అనుకున్నాను.

"ఎవురి మాయ?" అన్నది మా అత్త.

"పేర్లు చెప్పరమ్మా. ఆపరేషను కాన్పయిన తల్లి ఇష్టపడి ఇస్తుంది. ఆమెకు ఏ రోగమూ లేదని పరీక్షలు చేశాకే తీసుకుంటారు."

"యే కులమామె?"

"అది మాకూ తెలియదు."

మా మామ మా అత్త మొహం వైపే చూస్తున్నాడు. వద్దనడం ఆయన హక్కు ఇంతకాలం. ఇప్పుడు ఆయన నోరు తెరవలేదు.

"బిడ్డ బాగుండాడా?" అన్నది మా అత్త.

"ఏ బిడ్డ అమ్మా?"

"ఆ మాయలో ఉండిన బిడ్డ."

"బాగానే ఉండి ఉంటాడమ్మా" అన్నది.

"మిగిలిన మాయను ఎవురన్నా పూడ్చినారా?"

ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు. "కనుక్కుని చెబుతాను" అన్నది ఆమె, నిజంగానే కనుక్కునేటట్టు.

మా అత్త కూచుంది. "కడుపులో బిడ్డను కాసింది గదా. కన్నును కాయదా. పెట్టండి" అన్నది. ఆ వెంటనే నా వైపు వంగి, "ఊర్లో మాత్రం ఎవురికీ చెప్పగాకు మే. నీదసలే పెద్ద నోరు" అన్నది. ఏడాదిలో మొదటిసారి నాకు నవ్వు వచ్చింది. వస్తే ఆగలేదు, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేదాకా వచ్చింది.

మంచి కంటి నుంచి ముక్క తీసిన రోజు ఆ కంటికి కట్టు కట్టారు. మరునాటి దాకా విప్పకూడదన్నారు. అంటే ఒక దినమంతా పిల్లకు రెండు కళ్లూ లేనట్టే. మేము దిగిన సత్రంలో దాన్ని చెయ్యి పట్టుకుని నడిపించబోయాను. విదిలించుకుంది. "నాకు వచ్చు గదా" అని గోడ మీద చెయ్యి వేసి, ఎక్కడా తగలకుండా స్నానాల గది దాకా పోయి వచ్చింది. సత్రంలో వాళ్లు అబ్బో అన్నారు. మా మామ ఆ వెనకే, చేతులు రెండూ ముందుకు చాపి, తగలకుండా ముట్టకుండా నడిచాడు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. నేనూ ముట్టలేదు. తినండి అని నేను అనలేదు, ఆయనా అనలేదు.

మరునాడు కట్టు విప్పాక మాధురి కళ్లు చికిలించి చుట్టూ చూసి, "తాతా, గడ్డం గీసుకోలేదేమి?" అన్నది. మా అత్త ఆసుపత్రి అని కూడా చూడకుండా అక్కడే సాష్టాంగపడి అహోబిలం దిక్కు ఏదని అడిగింది. అది కర్నూలుకు పోయే దారి దిక్కని మా ఆయన ఏదో ఒక వైపు చూపించాడు.

ల్యాబులో ఆ ముక్క పొర కావడానికి రెండు వారాల దాకా పడుతుందన్నారు. మా ఆయన అంగడి చూసుకోవడానికి ఊరికి పోయాడు. మా మామ రోజూ పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఆసుపత్రికి పోయి ల్యాబు మనిషి కోసం మెట్ల మీద కూచునేవాడు. "మొలకెత్తిందా నాయనా?" అని అడిగేవాడు. ఆ అబ్బాయి మొదట తికమకపడ్డాడు, తరువాత తనే, "మొలకెత్తింది తాతా, ఇంకా అల్లుకోవాలి" అనేవాడు. ఈయన సత్రానికి వచ్చి పాపకు చెప్పేవాడు. నాకు వినబడేటట్టు కొంచెం గట్టిగానే చెప్పేవాడు. నేను బకెట్టుతో, "అల్లుకుంటాందంట" అనేదాన్ని. అందులో వెటకారం లేదు. అయినా బకెట్టుతోనే అన్నాను.

కుడి కంటి ఆపరేషను రోజు పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. పిల్లను లోపలికి తీసుకుపోయారు, తీసుకువచ్చారు. మధ్యలో మేము బతికి ఉన్నామో లేదో నాకు గుర్తులేదు.

జులై చివర, ఎన్నో సార్లు చుక్కలు వేసి, ఎన్నో సార్లు తిరిగాక, డాక్టరమ్మ ఆ కంట్లోకి లైటు వేసి చూసి, "పొర పట్టింది" అన్నది. ఎర్ర నరాలు పోయాయి. నీరు కారడం ఆగింది. కానీ నల్లగుడ్డు లోపల తెల్లమచ్చ అలాగే ఉంది. అది పోవాలంటే ముందుముందు ఇంకొకరి కన్ను అతికించాల్సి రావచ్చునన్నది. "ఇప్పుడైతే అది నిలవడానికి అవకాశం ఉంది. పొర ఇట్లాగే ఉంటుందో లేదో కూడా కొంతకాలం చూడాలి. ఇంతకంటే నేను మాట ఇవ్వలేను."

మంచి కన్ను మూసి అడిగింది. "ఏం కనపడుతోంది?"

"పొగ" అన్నది మాధురి. మా అందరి మొహాలూ పడిపోయాయి. అది తల అటూ ఇటూ తిప్పింది. "పొగలో ఎర్రగా ఏందో ఉండాది. గుండ్రంగా." చెయ్యి చాపి నా నుదురు ముట్టుకుంది. "నీ బొట్టు మా."

మా మామ ఆ గదిలో లేడు. ఎంత రమ్మన్నా లోపలికి రాలేదు. బయట మెట్ల మీద కూచుని ఉన్నాడు. మా అత్త పోయి చెబితే, "సరే" అన్నాడట. అంతే అన్నాడట.

ఆళ్లగడ్డకు తిరిగి వచ్చేసరికి వాన మొదలయింది. మా అత్త జీపులో అహోబిలం పోయి వెండి కళ్లు హుండీలో వేసి వచ్చింది. మాధురి బడికి పోయింది. వాకిలి గోడ మాత్రం సగంగానే ఉంచాం, అది వద్దన్నది కాబట్టి. నేను మామూలుగా గిన్నెలు తోముకుంటూ చూస్తే సొట్ట చెంబు కనబడలేదు. ఇల్లంతా వెతికాను. పోతే పోయిందనుకున్నాను గానీ, ఎవరితో మాట్లాడాలో తోచక ఇల్లు బోసిపోయింది.

ఒకనాడు మా ఆయన సరుకు కోసం డోన్ పోతే, మా మామకు అన్నం క్యారియరు నేనే అంగడికి తీసుకుపోయాను. అంగడి ముందర సున్నపు మూటల పక్కన నీళ్ల కడవ పెట్టి ఉంది. దాని మీద నా సొట్ట చెంబు. అహోబిలం పక్క గూడెం మనిషి నాగయ్య సున్నం కట్టించుకుంటున్నాడు. కొత్త ఇంటి గోడలకట. నేను స్తంభం పక్కన ఆగాను.

"ఇంట్లో పిల్లోళ్లు ఉండారా?" అంటున్నాడు మా మామ.

"ఉండారు శెట్టీ."

"సున్నం కంట్లో పడితే ఏం చేస్తావ్?"

"యాడ పడుతాదిలే."

"పడితే?"

"ఆముదం పోస్తాం. ల్యాకుంటే చనుబాలు."

"పోయగాకు. నీళ్లు పోయాల. ఇదో, ఇట్ల." మా మామ చెంబు ముంచి, తల పక్కకు వంచి, రెండు వేళ్లతో తన కంటి రెప్పలు విప్పి పట్టుకుని ధారగా నీళ్లు పోసుకున్నాడు. చొక్కా భుజమంతా తడిసిపోయింది. "కడవ అయిపోయేదాకా పోయాల. పిల్లోడు ఏడ్చినా ఇడవగాకు. కడిగినాక ఆసుపత్రికి. బేగా పోవాల."

నాగయ్య సున్నం మూట కింద పెట్టాడు. "నీళ్లు తగిల్తే సున్నం ఉడుకుతాదని నువ్వే చెప్తాంటివి గదా శెట్టీ. మా నాయన కాలం నించి నువ్వే గదా చెప్పేది."

"చెప్పినా. తప్పు చెప్పినా." బజారులో నలుగురూ వినేటట్టే అన్నాడు. "నా మనవరాలి కన్ను నేనే పోగొట్టినా. ఆ పిల్లకు నీళ్లు తెస్తే పారబోసింది నేనే. నువ్వు మీ గూడెంలో అందరికీ చెప్పు. హనుమంతయ్య శెట్టి చెప్పింది తప్పని చెప్పు."

పక్క అంగడి ఓబులేసు నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. "వచ్చినోళ్లకందరికీ ఇదే కథ తల్లీ. పొద్దన్నించి ఎన్ని చెంబులు పోసుకున్యాడో. చూడు ఆ కండ్లు. మీరన్నా చెప్పండి" అన్నాడు.

మా మామ కళ్లు రెండూ చింతనిప్పులై ఉన్నాయి. నాగయ్య మూట భుజాన వేసుకుని పోతూ పోతూ వెనక్కి తిరిగి చూశాడు. కడవ అడుగంటింది. నేను క్యారియరు గల్లాపెట్టె మీద పెట్టి, కడవ తీసుకుని వీధి చివర బోరింగు దగ్గరికి పోయాను. నింపుకుని చంకన పెట్టుకుని వస్తుంటే, అలవాటు కొద్దీ "ఏమే కడవా..." అని నోటిదాకా వచ్చింది. దానికి చెప్పేది ఏమీ కనబడలేదు.

కడవ మూటల పక్కన దించాను.

"మామా" అన్నాను.

ఆయన తలెత్తాడు. మొహం మీద నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి.

"అన్నం చల్లారిపోతాంది. లోపలికి పోయి తినండి. వచ్చేవాళ్లకు నేను చెప్తా."

ఆయన కండువాతో మొహం తుడుచుకుంటూ క్యారియరు అందుకుని లోపలికి పోయాడు. నేను సున్నపు మూటల మధ్య కూచుని, సొట్ట చెంబు కడవలో ముంచి పెట్టుకున్నాను.